ఒక రైతు, ఒక రాత్రి – జేమ్స్ హార్గెస్ట్ జీవితం

మన యూనియన్ కార్యదర్శి గారు సావనీరుకి ఎవరైనా ప్రసిద్ధ పురుషుని జీవితం వ్రాసిమ్మని అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను గానీ, ఎవరి గురించి వ్రాయాలో పదిరోజులదాకా తేలలేదు. మహాత్ముని గురించీ, నేతాజీ గురించీ, అల్లూరి సీతారామరాజు గురించీ మన సంచికల్లో ఏటేటా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. నాకంటే బాగా వ్రాయగలవాళ్ళు వ్రాశారు. చివరికి మన చరిత్ర క్లాసుల్లో ఎన్నడూ పేరు వినబడని మనిషిని ఒకాయన్ని ఎంచుకున్నాను. ఆయన పేరు జేమ్స్ హార్గెస్ట్. న్యూజీలాండ్ దేశస్థుడు. వృత్తి వ్యవసాయం. పార్లమెంటు సభ్యుడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోరాడి, రెండోదానిలో ప్రాణం వదిలినవాడు. ఆ దేశపు దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్ కార్గిల్ అనే ఊళ్ళో ఆయన పేరుతో పెద్ద విద్యాలయమే ఉంది.

ఎక్కడి న్యూజీలాండు, ఎక్కడి మనం అని మీరు అడగవచ్చు. ఆ సంగతి చెప్పాలంటే ముందుగా మా నాన్న సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి.

మా నాన్న కూడా రైతే. రెండుసార్లు సర్పంచ్ గా నిలబడి ఓడిపోయి మూడోసారి గెలిచాడు. ఆయన గెలిచిన రెండో ఏడు ఒక ముసురు రాత్రి, చెరువు కట్ట మీద తూము దగ్గర నీరు ఊరుతోందని, మనుషుల్నీ ఇసుక బస్తాల్నీ పంపమని నీరటికాడు కబురంపాడు. చెరువు మా ఇంటికి మైలున్నర దూరం. అప్పటికే ఊళ్ళో పల్లపు ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయి, ఉన్న మనుషులంతా అక్కడ ఉన్నారు. కట్ట ఇంతకుముందు ఎన్ని వానలకు ఆగలేదు, తెల్లారి చూద్దాం అనుకున్నాడు నాన్న. ఇద్దరు కుర్రాళ్ళను మాత్రం పంపాడు. తెల్లవారుజామున గండి పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ ఆయకట్టు కింద ఈనిక మీదున్న వరి అంతా ఇసుక మేట వేసింది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ ఉదయం అందరి ముందూ ఆయన్ని ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ వ్రాయను. ఆ తర్వాత రెండేళ్ళు మా మధ్య సరైన మాటలు లేవు.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ లైబ్రరీలో రెండో ప్రపంచ యుద్ధం గురించి చదువుతూ హార్గెస్ట్ పేరు దగ్గర ఆగిపోయాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

* * *

హార్గెస్ట్ 1891 సెప్టెంబరు 4న న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలోని గోర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తల్లిదండ్రులు వేల్స్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ళు. తండ్రి కూలి పనితో మొదలుపెట్టి రైతుగా నిలదొక్కుకున్నవాడు. సౌత్ లాండ్ అని పిలిచే ఆ ప్రాంతం చలిదేశం, వానలెక్కువ, గడ్డి పుష్కలం. గొర్రెలూ పాడీ అక్కడి బ్రతుకు. మనకు వరి ఎలాగో వాళ్ళకు గడ్డి అలాగ. కుర్రవాడు చదువు ముగించుకుని వ్యవసాయంలోకే దిగాడు. 1911లో దేశరక్షణకని కొత్తగా ఏర్పరచిన టెరిటోరియల్ సైన్యంలో చేరాడు. పొలం పని చేసుకుంటూనే కవాతుకు పోయిరావడం అన్నమాట.

1914లో మొదటి యుద్ధం వచ్చింది. ఒటాగో అశ్వికదళంలో ఆఫీసరుగా ఓడ ఎక్కాడు. ఎక్కినవాడు గుర్రం మీద, దిగిన గాలిపోలీ మాత్రం గుర్రం నిలబడడానికి చోటులేని కొండచరియ. టర్కీవాళ్ళ ఫిరంగుల కింద కాలినడకనే పోరాడారు. అదే గాలిపోలీలో మన దేశపు సిక్కు, గూర్ఖా పటాలాలూ ఉన్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. 1915 ఆగస్టులో హార్గెస్ట్ తీవ్రంగా గాయపడ్డాడు. కోలుకుని ఫ్రాన్సు వెళ్ళాడు, ఈసారి పదాతి దళంలో. 1916లో సోమ్ యుద్ధంలో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ వచ్చింది. 1917లో, యుద్ధం మధ్యలోనే, ఒక నర్సును పెళ్ళాడాడు. 1918కల్లా లెఫ్టినెంట్ కర్నల్ గా ఒక పటాలానికే అధిపతి అయ్యాడు. అప్పటికి ఆయన వయసు ఇరవైయేడు! డి.ఎస్.ఓ. పతకమూ, ఫ్రెంచివారి లీజియన్ ఆఫ్ ఆనర్ కూడా లభించాయి.

అయితే యుద్ధం పతకాలు మాత్రమే ఇచ్చి ఊరుకోదు గదా. గుండ్ల మోతల మధ్య నాలుగేళ్ళు గడిపిన మనిషి నరాలకు తగిలిన దెబ్బ బయటికి కనబడకుండా లోపల ఉండిపోయింది. షెల్ షాక్ అనేవారు దాన్ని. అది ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన దారికి అడ్డం వచ్చింది.

* * *

యుద్ధం ముగిసి ఇల్లు చేరాక ఇన్వర్ కార్గిల్ దగ్గర రకహౌకా అనేచోట పొలం పెట్టాడు. పిల్లలు పుట్టారు. పొలం చేసుకునేవాడికి రాజకీయాలు ఎందుకు అంటే, ధరలు నిర్ణయించేదీ, రోడ్లు వేసేదీ, అప్పులిచ్చేదీ రాజకీయాలే గనక. ఇది మన ఊళ్ళలోనూ ఉన్న మాటే.

1925లో రిఫార్మ్ పార్టీ తరఫున ఇన్వర్ కార్గిల్ లో నిలబడ్డాడు. ఎదుటివాడు సామాన్యుడు కాడు, సర్ జోసెఫ్ వార్డ్. అంతకుముందే ఒకసారి ప్రధానమంత్రి పదవి చేసిన వృద్ధసింహం. ఆయన మీద కేవలం 159 ఓట్ల తేడాతో హార్గెస్ట్ ఓడిపోయాడు. ఆ వార్డే 1928లో మళ్ళీ ప్రధాని అయ్యాడు, 1930లో కన్నుమూశాడు. ఉప ఎన్నిక వచ్చింది. హార్గెస్ట్ మళ్ళీ నిలబడి ఈసారి వార్డ్ గారి కుమారుడి చేతిలో ఓడిపోయాడు. తండ్రి చేతిలో ఒకసారి, కొడుకు చేతిలో ఒకసారి! ఇంకొకడైతే కండువా దులుపుకుని పొలానికి పోయేవాడు. ఈయన మరుసటి ఏడు, 1931 సాధారణ ఎన్నికల్లో, మూడోసారి నిలబడి గెలిచాడు.

గెలిచిన కాలం మంచిది కాదు. ఆర్థికమాంద్యం ప్రపంచాన్నంతా పట్టి పీడిస్తున్న రోజులవి. ఉన్ని ధర, మాంసం ధర పడిపోయి రైతులు అప్పులపాలైనారు, పట్టణాల్లో నిరుద్యోగులు వీధిన పడ్డారు. పాలకపక్షం మీద జనానికి విసుగెత్తింది. 1935లో లేబర్ పార్టీ గాలి వీచి పెద్దపెద్ద వాళ్ళందరూ కొట్టుకుపోయారు. హార్గెస్ట్ ఆ ఎన్నికల్లో ఇన్వర్ కార్గిల్ వదిలి పక్కనున్న అవారువా అనే గ్రామీణ నియోజకవర్గానికి మారి, అక్కడ నెగ్గి నిలిచాడు. 1936లో ప్రతిపక్షాలు కలిసి నేషనల్ పార్టీ ఏర్పడితే అందులో ముఖ్యుల్లో ఒకడైనాడు. చనిపోయేవరకూ అవారువాకు ఆయనే సభ్యుడు.

* * *

1939లో రెండో యుద్ధం వచ్చేసరికి ఆయనకు నలభయ్యెనిమిదేళ్ళు. పార్లమెంటు సభ్యుడు, సంసారి, రైతు. ఇంట్లో కూర్చున్నా ఎవరూ వేలెత్తి చూపరు. అయినా దరఖాస్తు పెట్టాడు. డాక్టర్లు పరీక్షచేసి, పాత యుద్ధపు దెబ్బ ఇంకా పోలేదనీ, దేశం దాటి యుద్ధానికి పనికిరాడనీ, స్వదేశంలో ఏదైనా పని ఇవ్వవచ్చుననీ తేల్చారు. సైన్యాధికారులూ అదే మాట అన్నారు.

ఇక్కడ హార్గెస్ట్ చేసిన పని మిత్రులు జాగ్రత్తగా గమనించాలి. ఆయన రాజకీయ నాయకుడు గనక రాజకీయ నాయకుల దగ్గరికే వెళ్ళాడు. ప్రధానమంత్రి జబ్బుపడి ఉండగా ఆ బాధ్యతలు చూస్తున్న పీటర్ ఫ్రేజర్ ను ఆశ్రయించాడు. ఫ్రేజర్ లేబర్ నాయకుడు, అంటే ఎదుటి పక్షం. పైగా మొదటి యుద్ధకాలంలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించి జైలుకు పోయినవాడు! అటువంటి మనిషి, తన ప్రతిపక్ష సభ్యుడి కోరిక మన్నించాడు. డాక్టర్ల మాట పక్కకుపోయింది. హార్గెస్ట్ బ్రిగేడియర్ హోదాలో 5వ బ్రిగేడ్ కు అధిపతి అయ్యాడు. అంటే మూడు నాలుగు పటాలాలు, కొన్ని వేలమంది కుర్రాళ్ళు.

దేశభక్తి అందామా, పలుకుబడి అందామా? నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తుంది. సొంత సుఖానికి సిఫార్సు చేయించుకునేవాళ్ళను మనం రోజూ చూస్తాం. చావుకు ఎదురుపోవడానికి సిఫార్సు చేయించుకున్నవాడు అరుదు. కాని ఆ సిఫార్సు వల్ల ప్రమాదంలో పడేది ఆయన ఒక్కడే కాదు. ఆయన కింద ఉన్న ఆ వేలమంది కూడా.

1940 మే నెలలో బయలుదేరిన ఆ బ్రిగేడ్, ఇటలీ యుద్ధంలో దిగబోతుండటంతో ఈజిప్టుకు బదులు ఇంగ్లండు చేరింది. 1941 వసంతంలో గ్రీసుకు వెళ్ళింది. ఒలింపస్ పర్వతం కనుమలో జర్మన్లను కొన్నాళ్ళు ఆపింది. గ్రీసు నిలవలేదు. ఏప్రిల్ నెలాఖరున బరువైన సామగ్రి అంతా వదిలేసి, ప్రాణాలతో బయటపడి, అలసిన పటాలాలు క్రీట్ ద్వీపం చేరాయి. చేతుల్లో తుపాకులున్నాయి. వైర్ లెస్ సెట్లు చాలినన్ని లేవు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

* * *

క్రీట్ లో న్యూజీలాండర్ల అధిపతి జనరల్ ఫ్రైబర్గ్. ద్వీపం మొత్తం రక్షణ భారం కూడా ఆయన మీదే పెట్టారు. హార్గెస్ట్ బ్రిగేడ్ కాపాడవలసిన ముఖ్యస్థలం మాలెమె అనేచోట ఉన్న విమాన మైదానం. మైదానం పక్కన ఒక గుట్ట. సైనికులు దాన్ని 107వ గుట్ట అనేవారు. అది చేతిలో ఉంటే మైదానం చేతిలో ఉన్నట్టే. అక్కడ 22వ పటాలాన్ని ఉంచారు. దాని నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ ఆండ్రూ, మొదటి యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన వీరుడు. హార్గెస్ట్ తన మకాం మాత్రం ప్లటానియాస్ అనే ఊళ్ళో పెట్టుకున్నాడు. మాలెమెకు నాలుగు మైళ్ళ పైచిలుకు దూరం.

1941 మే 20వ తేదీ ఉదయం ఆకాశంలోంచి జర్మన్ సైన్యం ఊడిపడింది. గొడుగుల మీద కొందరు, ఇంజను లేని గ్లైడర్లలో కొందరు. చాలామంది నేల తాకకముందే చచ్చారు. అయినా మైదానానికి పడమట ఏటి ఒడ్డున కాపలా లేనిచోట దిగినవాళ్ళు కూడదీసుకుని పైకి రాసాగారు. బాంబులకు టెలిఫోను తీగలు తెగిపోయాయి. ఆండ్రూకు తన ముందు వరుసలోని కంపెనీలు బ్రతికున్నాయో లేదో కూడా తెలియదు. సాయంగా 23వ పటాలాన్ని పంపమని అడిగాడు. ఆ పటాలం తన ప్రాంతంలో దిగిన శత్రువులతో తలమునకలుగా ఉందని హార్గెస్ట్ జవాబిచ్చాడు. నిజానికి ఆ వేళకు అక్కడి పోరు చాలావరకు చల్లబడింది. తన దగ్గరున్న రెండే రెండు టాంకులతో ఆండ్రూ ఎదురుదాడి చేసి విఫలుడయ్యాడు. ఇక వెనక్కి తగ్గక తప్పదని కబురంపాడు. తప్పకపోతే సరేనన్న అర్థం వచ్చేట్టు జవాబిచ్చి, హార్గెస్ట్ సాయానికి రెండు కంపెనీలను మాత్రం పంపాడు. ఒకటి ఆలస్యంగా చేరింది. రెండోది, మావోరీలది, చీకట్లో మైదానం అంచుదాకా వచ్చి, తనవాళ్ళు వెళ్ళిపోతున్నారని తెలిసి వెనుదిరిగింది.

ఆ రాత్రి ఆండ్రూ గుట్ట ఖాళీచేశాడు. పోయాయనుకున్న ముందు కంపెనీలు పోలేదు, ఇంకా నిలబడి పోరాడుతూనే ఉన్నాయి! వెనక చూసుకుంటే గుట్ట మీద ఎవరూ లేరు. తెల్లవారి జర్మన్లు ఆశ్చర్యపోతూ గుట్ట ఎక్కారు. మే 21 సాయంత్రానికి వాళ్ళ రవాణా విమానాలు ఫిరంగి గుండ్ల మధ్యనే మాలెమెలో ఒకదాని వెంట ఒకటి దిగసాగాయి. ఆ రాత్రి చేయవలసిన ఎదురుదాడి ఆలస్యమై, పగటివెలుగులో విమానాల కింద చిక్కి భగ్నమైంది. ఆ ఉదయం మాలెమె నుంచి లేస్తున్న విమానాల్ని దూరం నుంచి చూసి, శత్రువు పారిపోతున్నాడేమోనని కూడా హార్గెస్ట్ కు ఆశ కలిగిందట. క్రీట్ ఆ మైదానంతోనే పోయింది.

తర్వాత వారంరోజుల పాటు కొండలు దాటుతూ దక్షిణపు ఒడ్డున స్ఫాకియాకు సైన్యం నడిచింది. ఆ నడకలో హార్గెస్ట్ చూపిన ఓర్పునూ, మనుషుల్ని చెదిరిపోనివ్వకుండా వరుసల్లో నడిపించి ఓడలెక్కించిన తీరునూ అందరూ మెచ్చుకున్నారు. డి.ఎస్.ఓ.కు అదనపు పట్టీ వచ్చింది. కాని లెక్క చూస్తే, ఆ ద్వీపంలో న్యూజీలాండర్లు 671 మంది చనిపోయారు. 967 మంది గాయపడ్డారు. 2,180 మంది ఖైదీలయ్యారు. మొత్తం జనాభా అప్పటికి పదహారు లక్షలున్న దేశానికి ఇది చిన్న సంఖ్య కాదు.

తప్పు ఎవరిది? చరిత్రకారులు అప్పటినుంచీ తగువులాడుతూనే ఉన్నారు. గుట్ట వదిలిన ఆండ్రూదన్నారు. సముద్రం మీదనుంచి వచ్చే శత్రువు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఫ్రైబర్గ్ దన్నారు. మధ్యలో ఉన్న డివిజన్ అధికారిదన్నారు. వైర్ లెస్ సెట్లు ఇవ్వని వాళ్ళదన్నారు. అన్నిటిలోనూ నిజముంది. కాని అన్ని చరిత్రల్లోనూ ఒక ప్రశ్న హార్గెస్ట్ దగ్గర వచ్చి నిలబడుతుంది. నాలుగు మైళ్ళు. ఆ పగలు గానీ, ఆ రాత్రి గానీ, ఆ నాలుగు మైళ్ళు ఆయన తానే వెళ్ళి ఎందుకు చూడలేదు?

ఆ తర్వాత ఆయన చేసింది నాకు మరీ రుచించలేదు. కైరో చేరగానే, అక్కడికి వచ్చిఉన్న ఫ్రేజర్ తోనూ, బ్రిటిష్ సేనాధిపతి వేవెల్ తోనూ ఫ్రైబర్గ్ మీద ఫిర్యాదులు చెప్పాడు. అప్పటికి ఫ్రేజర్ ప్రధానమంత్రి. ఫ్రైబర్గ్ లోపాలు ఫ్రైబర్గ్ కు ఉండవచ్చు. అయినా తన గుమ్మం ముందున్న మాలెమెను దాటి పై అధికారి వైపు వేలు చూపడం చదివినచోట నాకు కోపం వచ్చి పుస్తకం మూసేశాను. ఆ పేజీ చదివేవరకూ ఆయన మీద జాలిపడ్డాను. ఆ పేజీ దగ్గర, మా నాన్నను అన్నట్టే, ఆయన్నీ ఒక మాట అనుకున్నాను.

మళ్ళీ తెరవడానికి కారణం కుతూహలమే. ఇటువంటివాడు తర్వాత ఏమైపోయాడో చూద్దామని.

* * *

అదే ఏడు నవంబరులో లిబియా ఎడారిలో బ్రిటిష్ సైన్యం రోమెల్ మీద దాడి మొదలుపెట్టింది. మన 4వ ఇండియన్ డివిజన్ సరిహద్దు మీదున్న ఒమార్ కోటల దగ్గర పోరాడుతుంటే, దాపునే హార్గెస్ట్ బ్రిగేడ్ ఉంది. పటాలాలన్నీ తలా ఒక చోట చెదిరి ఉన్నాయి. ఆయన ప్రధాన స్థావరం సిది అజీజ్ అనే బల్లపరుపు నేల మీద, చాటు లేకుండా ఉండిపోయింది. ఈసారి ఆయన వెనక లేడు, అందరికంటే ముందున్నాడు. నవంబరు 27 తెల్లవారుతుండగా జర్మన్ టాంకులు వచ్చిపడ్డాయి. ఫిరంగులు ఒక్కొక్కటే మూగబోయేదాకా పోరు సాగింది. దాదాపు 700 మంది ఖైదీలయ్యారు. వారిలో హార్గెస్ట్ ఒకడు. రోమెల్ స్వయంగా వచ్చాడు. హార్గెస్ట్ ఆయనకు సెల్యూట్ చేయలేదు. రోమెల్ ఆ సంగతి ఎత్తిచూపుతూనే, అతని మనుషులు బాగా పోరాడారని మెచ్చుకున్నాడు.

ఇటలీకి తీసుకుపోయారు. కొంతకాలానికి ఫ్లారెన్సు దగ్గర విన్చిల్యాటా అనే పాతకోటలో పెట్టారు. అది జనరళ్ళ చెర. ఎడారి యుద్ధంలో పేరుపొందిన ఓకానర్, ఒంటికన్ను ఒంటిచేతి వీరుడు కార్టన్ డి వియార్ట్, వైమానికదళపు బాయ్డ్ అంతా అక్కడే ఉన్నారు. తోటి న్యూజీలాండర్ బ్రిగేడియర్ మైల్స్ కూడా చేరాడు. అందరూ యాభై ఏళ్ళు పైబడినవాళ్ళో, ఆ దరిదాపుల వాళ్ళో. ఈ వయసువాళ్ళు ఏం చేస్తారులే అని కావలివాళ్ళు అనుకుని ఉంటారు. వాళ్ళు మాత్రం వాడుకలో లేని కోట ప్రార్థనామందిరంలో చేరి, వంటింటి కత్తులతోనూ చిన్న గునపంతోనూ ఆరునెలల పైన సొరంగం తవ్వారు. తవ్విన మట్టి ఆ మందిరంలోనే పోశారు. నేల తవ్వడం రైతుకు కొత్తకాదు గదా!

1943 మార్చి 29 రాత్రి, వానలో, ఆరుగురు బయటపడ్డారు. నలుగురు దొరికిపోయారు. హార్గెస్ట్, మైల్స్ ఇద్దరూ పనివాళ్ళ వేషంలో రైలెక్కి మిలాన్, అక్కడినుంచి కోమో చేరి, కొండదారిన పోయి, ముళ్ళకంచె కత్తిరించి స్విట్జర్లండ్ లో అడుగుపెట్టారు. అంత పెద్ద హోదా ఉన్నవాళ్ళు శత్రుదేశం నుంచి ఇలా తప్పించుకుపోవడం ఆ యుద్ధంలో అరుదైన సంగతి.

స్విట్జర్లండ్ తటస్థదేశం. యుద్ధం ముగిసేదాకా అక్కడే ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. ఇద్దరూ ఉండలేదు. జర్మన్ల గుప్పిట్లో ఉన్న ఫ్రాన్సు గుండా, రహస్య ప్రతిఘటన దళాలవారి సాయంతో, స్పెయిన్ వైపు వేరువేరుగా సాగారు. మైల్స్ స్పెయిన్ దాకా చేరి, ఇక గండం గడిచిందనుకున్న వేళ, 1943 అక్టోబరులో నిరాశకు లోనై తన ప్రాణం తానే తీసుకున్నాడు. యుద్ధం ఎవరిని ఎక్కడ లోపలినుంచి తినేస్తుందో చెప్పలేం. డాక్టర్లు పనికిరాడన్న హార్గెస్ట్ మాత్రం డిసెంబరులో ఇంగ్లండు చేరాడు. సి.బి.ఇ. బిరుదూ, డి.ఎస్.ఓ.కు రెండో పట్టీ ఇచ్చారు. తప్పించుకున్న కథను ఆయన పుస్తకంగా వ్రాశాడు. అది 1945లో, ఆయన పోయాక, అచ్చయింది.

* * *

ఇక చాలు గదా! యాభై రెండేళ్ళు. రెండు యుద్ధాలు, ఒక చెర, ఒక పలాయనం. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు, పొలం, ఖాళీగా ఉన్న పార్లమెంటు కుర్చీ. 1944లో ఇటలీలో కసీనో పోరాటంలో కొడుకు చనిపోయాడు. ఆ దుఃఖం మీద కూడా ఆయన ఇంటికి పోలేదు.

1944 జూన్ 6న మిత్రసేనలు ఫ్రాన్సులో నార్మండీ తీరాన దిగినప్పుడు, హార్గెస్ట్ బ్రిటిష్ 50వ డివిజన్ తో పాటు న్యూజీలాండ్ తరఫు పరిశీలకుడిగా దిగాడు. పరిశీలకుడి పని చూసి వ్రాయడం. డివిజన్ ఆఫీసులో కూర్చుని వచ్చిన రిపోర్టులు చూసి కూడా వ్రాయవచ్చు. ఈయన రిపోర్టుల కోసం ఆగలేదు. ముందు వరుసల్లోకి పోయి, సిపాయిలు ఎలా కదులుతున్నారో, టాంకులు ఎక్కడ ఆగిపోతున్నాయో కళ్ళారా చూసి వ్రాసుకునేవాడు. మధ్యలో గాయపడ్డాడు కూడా.

అప్పుడే ఆయనకు కొత్త పని అప్పగించారు. యూరప్ చెరలనుంచి విడుదల కాబోయే న్యూజీలాండ్ ఖైదీలను ఇంగ్లండులో చేరదీసి, స్వస్థపరచి, ఇళ్ళకు పంపే సంస్థకు ఆయన్ని అధిపతిని చేశారు. ఆ ఖైదీల్లో చాలామంది ఎవరనుకుంటున్నారు? గ్రీసులో, క్రీట్ లో, సిది అజీజ్ లో చిక్కినవాళ్ళు. అందులో ఆయన బ్రిగేడ్ కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళను ఇళ్ళకు చేర్చే పని ఆయన చేతికి వచ్చింది.

ఆ పనికి వెళ్ళేముందు, రెండు నెలలు కలిసి తిరిగిన డివిజన్ వాళ్ళకు వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాడు. 1944 ఆగస్టు 12న అక్కడ ఒక ఫిరంగి గుండు పేలి చనిపోయాడు. నార్మండీలోనే ఒతో లె బాగ్ అనే గ్రామపు యుద్ధశ్మశానంలో సమాధి చేశారు. అవారువాలో అక్టోబరులో ఉప ఎన్నిక జరిగింది. ఖైదీలు ఇళ్ళకు చేరారు. చేర్చే చెయ్యి మాత్రం ఆయనది కాలేదు.

* * *

మిత్రులారా, ఈ జీవితాన్ని ఎలా తూకం వేయాలి? పతకాలను ఒక తక్కెడలోనూ మాలెమెను ఇంకో తక్కెడలోనూ పెట్టి చూడబోయాను. తూకం కుదరలేదు. సొరంగం తవ్వినంత మాత్రాన గుట్ట తిరిగి రాదు. నార్మండీలో గుండు తగిలినంత మాత్రాన క్రీట్ లో పోయిన 671 మంది లేచి రారు. అలాగని ఒక్క రాత్రి తప్పిపోయినంత మాత్రాన మిగిలిన ఏభై రెండేళ్ళూ అబద్ధం కావు. మాలెమె తర్వాత ఆయన ఎప్పుడూ వెనక కూర్చోలేదన్నది మాత్రం నాకు కనబడింది. అది పశ్చాత్తాపమో, స్వభావమో తేల్చిచెప్పే అధికారం నాకు లేదు. ఆయన చేసిన ఫిర్యాదులు నాకు ఇప్పటికీ నచ్చవు. కాని ఆ మనిషి మీద కోపం పోయింది.

రేపు మనలో కొందరు సర్పంచులవుతారు, కొందరు ఆఫీసర్లవుతారు, ఒకరిద్దరు శాసనసభకూ పోతారేమో. ప్రతివాడికీ ఒక రాత్రి ఒక కబురు వస్తుంది. అప్పటికే చేతినిండా పని ఉంటుంది. వచ్చిన కబురు సగం సగంగానే ఉంటుంది. తెల్లారి చూద్దామనే అనిపిస్తుంది. అప్పుడు దూరం ఎంతని చూడకుండా లేచి వెళ్ళి చూసి రండి. వెళ్ళినా ఓడిపోవచ్చు. ఓడినా, చూసి ఓడినవాళ్ళవుతారు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నకు ఈ కథంతా చెప్పాను. చెప్పింది చెరువు కట్ట మీద. గండి పడ్డ ఏడు తర్వాత, ముసురు పట్టిందంటే చాలు, ఆయన తూము దగ్గర నులకమంచం వేయించుకుని అక్కడే పడుకుంటాడు. సర్పంచ్ పదవి పోయి నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. నాకు ఆ సంగతి తెలుసు గానీ, అప్పటిదాకా దాన్ని గురించి ఆలోచించలేదు. కథంతా విని ఆయన జర్మన్ల గురించి అడగలేదు, సొరంగం గురించి అడగలేదు. ఆ మైదానం ఆయన మకాంకి ఎంత దూరమని అడిగాడు. నాలుగు మైళ్ళ పైచిలుకని చెప్పాను. కాసేపు నీళ్ళవైపు చూస్తూ ఊరుకుని, మనది మైలున్నరేరా అన్నాడు.

అంతే. ఆ సాయంత్రం చాలాకాలానికి ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం.